బీడులో, బురదలో జీవాన్ని చూసిన సలీం అలీ

ఊరి చివర నీళ్లు నిలిచే చోటుని జనం బురద అంటారు. ముళ్ల పొదలు, ఎండు గడ్డి తప్ప ఏమీ కనిపించని చోటుని బీడు అంటారు. రెండూ దేనికీ పనికిరావని చాలామంది లెక్క. ఒకదాన్ని పూడ్చేయాలి, రెండోదాన్ని దున్నేయాలి. ఈ లెక్క తప్పని జీవితమంతా తిరిగి తిరిగి చూపించిన మనిషి డాక్టర్ సలీం అలీ. మన దేశపు పక్షుల గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేరు ఆయనదే. పెద్ద పెద్ద బిరుదులు, పద్మ అవార్డులు, రాజ్యసభ సభ్యత్వం అన్నీ ఆయనకు దక్కాయి. కానీ అవన్నీ చివర్లో వచ్చినవి. అంతకు ముందు నడిచిన దారిలో అనాథ బాల్యం ఉంది, కాలేజీలో ఫెయిల్ కావడం ఉంది, వ్యాపారంలో నష్టం ఉంది, పోయిన ఉద్యోగం ఉంది. ఆ దారిలో మన తెలుగు నేల కూడా ఉంది.

తల్లిదండ్రులు లేని పిల్లాడు

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబం. ఏడాది వయసులో తండ్రి మొయిజుద్దీన్ పోయారు. మూడేళ్లు వచ్చేసరికి తల్లి జీనతున్నిసా కూడా ఈ లోకం విడిచి వెళ్లారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు సలీం. తల్లిదండ్రులు లేని ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం దగ్గరకు తీసుకున్నారు. ఆ దంపతులకు సొంత సంతానం లేదు. బొంబాయిలోని ఖేత్వాడీలో వాళ్ల ఇల్లు ఎప్పుడూ పిల్లలతో నిండి ఉండేది. స్వాతంత్ర్య పోరాటంలో గాంధీజీ వెంట నడిచిన అబ్బాస్ త్యాబ్జీ కూడా సలీంకు మామ వరసే.

మామ సలీంకు ఒక ఎయిర్‌గన్ కొనిచ్చారు. అప్పట్లో బాగా ఉన్న కుటుంబాల్లో మగపిల్లలకు షికారు మామూలు సరదా. సలీం కూడా పిచ్చుకలను కొట్టేవాడు. అయితే తొమ్మిది పదేళ్ల వయసులోనే అతను కొట్టడంతో పాటు గమనించడం కూడా మొదలుపెట్టాడు. ఇంటి గుర్రపుశాల గోడలో ఒక పిచ్చుక గూడు ఉండేది. ఆడపిచ్చుక లోపల, మగపిచ్చుక బయట కాపలా. సలీం ఆ మగదాన్ని కొట్టాడు. కాసేపట్లో ఆడపిచ్చుక దగ్గరికి ఇంకో మగది వచ్చి చేరింది. దాన్నీ కొట్టాడు, మరొకటి వచ్చింది. ఏడు రోజుల్లో అలా ఎనిమిది మగపిచ్చుకలు ఒకే చోట కాపలాకొచ్చి చనిపోయాయి. ఈ సంగతిని ఆ పిల్లాడు కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. చేసింది పిల్లచేష్టే. కానీ చూసింది చూసినట్టు రాసుకునే అలవాటు ఆ గుర్రపుశాల దగ్గరే మొదలైంది.

ఒకరోజు అతను కొట్టిన పిచ్చుక మిగతావాటిలా లేదు. గొంతు మీద పసుపు మచ్చ ఉంది. వంటింటికి ఇచ్చే ముందు అతనికి అనుమానం వచ్చింది. ఇది మామూలు పిచ్చుకేనా? ముస్లింలు తినదగినదేనా? పిట్టను తీసుకెళ్లి మామకు చూపించాడు. అదేమిటో ఆయనకూ తెలియలేదు. తెలియని దానికి ఏదో ఒక జవాబు చెప్పి పంపేయలేదు ఆయన. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిల్లర్డ్‌కు ఒక ఉత్తరం రాసిచ్చి మేనల్లుడిని అక్కడికి పంపారు.

సలీం జంకుతూనే ఆ తెల్లదొర గదిలోకి వెళ్లాడు. మిల్లర్డ్ పిట్టను చూసి దాని జాతి చెప్పాడు. అంతటితో వదలలేదు. గాజు బీరువాలు తెరిచి, గడ్డి కూర్చి దాచిన పక్షులను ఒక్కొక్కటిగా చూపించాడు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చాడు. పక్షుల చర్మాలను పాడవకుండా ఎలా దాచాలో నేర్పించే ఏర్పాటు చేశాడు. తినదగినదా కాదా అన్న ప్రశ్నతో బయలుదేరిన పిల్లాడు, దేశంలో ఇన్ని రకాల పక్షులు ఉన్నాయా అన్న ఆశ్చర్యంతో ఇంటికి వచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత, 1985లో తన ఆత్మకథ అచ్చైనప్పుడు ఆయన దానికి పిచ్చుక పేరే పెట్టుకున్నారు.

డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. పదమూడేళ్ల వయసులో తలనొప్పి పట్టుకుంది. గాలి మార్పు కోసం సింధ్‌లో ఉన్న బంధువుల దగ్గరికి పంపారు. ఎలాగో 1913లో మెట్రిక్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో మొదటి ఏడాదే దెబ్బతిన్నారు. కుటుంబానికి బర్మాలోని టావోయ్‌లో టంగ్‌స్టన్ గనుల, కలప వ్యాపారం ఉండేది. అది చూసుకోమని పంపించారు. చుట్టూ దట్టమైన అడవులు. వ్యాపారం లెక్కల కంటే పక్షుల లెక్కలే ఎక్కువ రాశారు. 1917లో బొంబాయి తిరిగొచ్చి వాణిజ్య చట్టం, అకౌంటెన్సీ నేర్చుకోవడానికి చేరారు. ఆయన మనసు ఎక్కడుందో కనిపెట్టిన ఫాదర్ బ్లాటర్, జువాలజీ చదవమని ప్రోత్సహించారు. 1918లో తహ్మీనా బేగంతో నికాహ్ జరిగింది. మళ్లీ బర్మా వెళ్లారు కానీ వ్యాపారం నిలబడలేదు.

తిరిగొచ్చాక జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. యూనివర్సిటీ డిగ్రీ లేదని రాలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. నెలకు 350 రూపాయల జీతం. రెండేళ్లకే ఆయనకు అర్థమైపోయింది, ఇష్టం ఒక్కటే చాలదు, పద్ధతి కూడా నేర్చుకోవాలని. సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెస్‌మన్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వాటి వలస దారులు కనుక్కునే పని కూడా అక్కడే చూశారు. స్ట్రెస్‌మన్‌ను ఆయన జీవితాంతం తన గురువుగానే చెప్పుకున్నారు.

అంతా నేర్చుకుని 1930లో తిరిగొస్తే ఉద్యోగం లేదు. డబ్బుల్లేవని మ్యూజియం ఆ పోస్టునే తీసేసింది. వయసు 33. చేతిలో పని లేదు, పెళ్లయిన మనిషి. బొంబాయిలో ఇల్లు నడపడం కష్టమై భార్యాభర్తలిద్దరూ సముద్రపు ఒడ్డున ఉన్న కిహిమ్ అనే పల్లెకు మకాం మార్చారు.

ఆ ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కట్టుకుంటున్నాయి. ఉద్యోగం లేని మనిషికి టైమ్‌కి కొదవేముంది? చాటు ఒకటి ఏర్పాటు చేసుకుని రోజుల తరబడి గమనించారు. మగ గిజిగాడు గూడు సగం వరకే అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి చూస్తుంది. నచ్చితేనే కాపురం, అప్పుడే మిగతా సగం పూర్తవుతుంది. అది గుడ్లు పెట్టి పొదిగే పనిలో పడగానే మగది పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షి కోసం చూస్తుంది. మన ఈత చెట్లకు, తుమ్మ చెట్లకు వేలాడే ఆ గూళ్లను వందల ఏళ్లుగా అందరూ చూస్తూనే ఉన్నారు. లోపల జరిగే కథను మాత్రం ఇంత వివరంగా అంతకు ముందు ఎవరూ రాయలేదు. ఆ వ్యాసంతో సలీం అలీ పేరు శాస్త్రవేత్తల లోకానికి తెలిసింది. ఉద్యోగం పోయిన ఆ ఏడాదే ఆయనను నిలబెట్టింది.

నిజాం రాజ్యంలో పక్షుల సర్వే

అప్పటికి దేశంలో చాలా సంస్థానాల్లో ఏ పక్షులున్నాయో సరైన లెక్క లేదు. సలీం అలీ ఒక దారి ఆలోచించారు. తనకు జీతం అక్కర్లేదు, క్యాంపు ఖర్చులు, ప్రయాణ ఖర్చులు ఇస్తే చాలు, సర్వే తాను చేసిపెడతానన్నారు. అలా మొదటి పెద్ద అవకాశం హైదరాబాద్ సంస్థానం నుంచి వచ్చింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన నడుస్తున్న రోజులు. 1931-32లో సర్వే జరిగింది.

82 వేల చదరపు మైళ్లకు పైగా ఉన్న రాజ్యం అది. ఇప్పటి తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కర్ణాటకలోని కొంత భాగం కూడా అందులోనే ఉండేవి. ఒక రకం నేల కాదు. ఉత్తరాన ఆదిలాబాద్ వైపు టేకు అడవులు. దక్షిణాన నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి. గోదావరి, కృష్ణా ఒడ్లు. కాకతీయుల కాలం నుంచి వచ్చిన చెరువులు. వీటన్నిటి మధ్య మైళ్ల కొద్దీ రాతి గుట్టలు, ముళ్ల పొదలు, పచ్చిక బీళ్లు. వానాకాలం పోగానే బంగారు రంగుకు మారే గడ్డి, అక్కడక్కడ ఒక తుమ్మ చెట్టు, మోదుగ చెట్టు. ఆఫ్రికాలో ఇలాంటి నేలను సవానా అంటూ చూడ్డానికి జనం విమానాలెక్కి వెళ్తారు. మన దగ్గర దాని పేరు బీడు.

చెరువులోనూ బీడులోనూ కనిపించే పక్షులు వేరు. చెరువు దగ్గర బాతులు, కొంగలు, నీటికాకులు గుంపులుగా దొరుకుతాయి. ఒడ్డున నిలబడితే చాలు, కనిపిస్తాయి. బీట్లో అలా కాదు. కంజులు, పూరేళ్లు, భరత పక్షులు మట్టి రంగులో మట్టిలో కలిసిపోయి ఉంటాయి. కాలి కింద నుంచి బుర్రుమని లేచేదాకా పిట్ట ఉన్నట్టే తెలియదు. ఖాళీగా కనిపించే చోటులో ఏముందో తెలియాలంటే మెల్లగా నడవాలి, ఆగాలి, వినాలి. సలీం అలీ పద్ధతే అది. పక్షిని కొట్టి, చర్మం తీసి, పేరు రాస్తే పని అయిపోయిందని అప్పటిదాకా ఉన్న తీరు. ఆయన కూడా నమూనాల కోసం తుపాకీ వాడారు, ఆ సంగతి ఎప్పుడూ దాచలేదు. అయితే ఆ పక్షి ఏ నేలలో ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు గూడు కడుతుంది, ఎలా అరుస్తుంది అన్నది ఆయనకు చర్మం కంటే ముఖ్యం.

ఈ క్యాంపుల్లో తహ్మీనా బేగం వెంటే ఉన్నారు. సౌకర్యంగా పెరిగిన ఇంటి ఆడపిల్ల, డేరాల్లో కాపురం చేశారు. సామాన్లు, భోజనాలు, నౌకర్లు, క్యాంపు లెక్కలు అన్నీ చూసుకున్నారు. ఆమె లేకపోతే ఆ సర్వేలు అలా సాగేవి కావు. ఇంగ్లాండులో ఉన్న హ్యూ విస్లర్ అనే నిపుణుడు నమూనాలను పరిశీలించి నోట్స్ రాశారు. సలీం అలీ తన తప్పులు ఎత్తిచూపినందుకు మొదట్లో ఆయనకు కోపం వచ్చింది. తర్వాత ఆ తప్పులు నిజమేనని తేలాక ఇద్దరూ గట్టి స్నేహితులయ్యారు. హైదరాబాద్ సర్వే వివరాలు 1933-34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. తెలంగాణ నేల మీది పక్షుల గురించి ఇప్పటికీ పరిశోధన చేసేవారు ముందు తెరిచేది ఆ పేజీలనే.

హైదరాబాద్ తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాల సర్వేలు వచ్చాయి. పని ఊపందుకున్న వేళ, 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తహ్మీనా బేగం చనిపోయారు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ దెబ్బ నుంచి సలీం అలీ మెల్లగా తేరుకున్నారు. చెల్లాచెదురైన మనసును అక్క కమ్మూ, బావ తమ ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1941లో సామాన్యులకు అర్థమయ్యేలా, రంగుల బొమ్మలతో భారతీయ పక్షుల పుస్తకం తెచ్చారు. డెహ్రాడూన్ జైల్లో ఉన్న నెహ్రూ, నైనీ జైల్లో ఉన్న కూతురు ఇందిరకు ఆ పుస్తకాన్నే పంపారు. పక్షుల మీద ఇందిరా గాంధీకి ఆసక్తి పుట్టింది అలానే.

కచ్: ఉప్పు నీళ్లు ఒక పక్క, గడ్డి ఒక పక్క

1940లలో కచ్ మహారావు ఆహ్వానం మీద సలీం అలీ ఆ ప్రాంతాన్ని సర్వే చేశారు. 1945లో కచ్ పక్షుల పుస్తకం అచ్చయింది. బీడు, బురద పక్క పక్కనే ఉండే చోటు అది. పెద్ద రణ్‌లో వానలు పడితే మైళ్ల దూరం జానెడు లోతు ఉప్పు నీళ్లు. ఎండితే తెల్లటి ఉప్పు పొర. దాని అంచునే బన్నీ అనే పచ్చిక మైదానం. తరతరాలుగా అక్కడ గేదెలు మేపుకుంటూ బతికే మాల్ధారీల్లో ఎక్కువమంది ముస్లింలు.

రణ్ మధ్యలో రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, గుడ్లు పెట్టే చోటు ఒకటి ఉంది. మన వైపు పులికాట్ సరస్సుకు వచ్చే పెద్ద ఫ్లెమింగోలే. 1945లో సలీం అలీ అక్కడికి చేరుకున్నారు. బురదను ముక్కుతో పోగుచేసి కట్టిన చిన్న చిన్న దిబ్బల్లాంటి గూళ్లు, చూపు ఆనినంత మేర. ఓపిగ్గా లెక్క కడితే లక్షకు పైగా గూళ్లు తేలాయి. పెద్దవి, పిల్లలు కలిపి ఐదు లక్షల దాకా పక్షులు ఉంటాయని అంచనా వేశారు. నీళ్లు కాస్త ఎక్కువైతే గూళ్లు మునిగిపోతాయి. త్వరగా ఎండిపోతే నక్కలు నడిచి వచ్చేస్తాయి. మధ్యలో దొరికే ఆ కొద్ది వారాల్లోనే ఒక తరం పుట్టి పెరగాలి. మ్యాపులో ఖాళీగా కనిపించే ఆ ఉప్పు నేల అంత పెద్ద జనాభాను మోస్తోంది.

బన్నీ గడ్డికి మాత్రం తర్వాత కష్టకాలం వచ్చింది. బీడే కదా, చెట్లు నాటితే మంచిదే అనుకుని 1960లలో అక్కడ సర్కారు తుమ్మ వేశారు. అది పాకి పాకి గడ్డిని మింగేసింది. గేదెల మేత తగ్గింది, గడ్డిని నమ్ముకున్న పక్షులకు చోటు తగ్గింది. చెట్టు నాటడం ఎంత మంచి పనైనా, ఏ నేలలో ఏది నాటాలో తెలియకపోతే ఫలితం ఇలా ఉంటుంది.

భరత్‌పూర్: గెలుపు, పొరపాటు

సలీం అలీ పేరుతో ఎక్కువగా ముడిపడిన చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్. కేవలాదేవ్ ఘనా అని పిలిచే ఆ ప్రాంతం 29 చదరపు కిలోమీటర్లే. అందులోనే నీటి మడుగులున్నాయి, పచ్చిక బయళ్లున్నాయి, తుమ్మ తోపులున్నాయి. కట్టలు కట్టి, నీళ్లు మళ్లించి మనుషులు తయారు చేసిన చిత్తడి నేల అది. చలికాలం సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వేల పక్షులు దిగుతాయి. మహారాజులకు అది షికారు చోటు. వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారు. ఆ లెక్కను గొప్పగా రాతి మీద చెక్కించారు. ఆ రోజు తేదీ 1938 నవంబర్ 12. సలీం అలీకి సరిగ్గా 42 ఏళ్లు నిండిన రోజు.

స్వాతంత్ర్యం వచ్చాక షికారు కంటే పెద్ద ముప్పు వచ్చింది. ఆ నీళ్లను పొలాలకు మళ్లించి, మడుగులను సాగు భూమి చేయాలన్న ఒత్తిడి మొదలైంది. తిండి గింజలకు కరువున్న రోజులు, రైతుల కోరికలో న్యాయం లేకపోలేదు. సలీం అలీ నేరుగా నెహ్రూ దాకా వెళ్లి ఆ చోటును కాపాడాలని ఒప్పించారు. 1956లో అది పక్షుల అభయారణ్యమైంది. తర్వాత ఏళ్లలో ఆయన బృందం అక్కడ వేల పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగింది. పక్షుల వెంట వచ్చే పేలు, పురుగులతో జబ్బులు వ్యాపిస్తాయా అన్న ప్రశ్న మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో వలసల పరిశోధన సాగింది. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలగా, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా భరత్‌పూర్‌కు గుర్తింపు దొరికింది.

ఈ గెలుపు పక్కనే ఒక పొరపాటు కూడా ఉంది. చుట్టుపక్కల ఊళ్ల గేదెలు పార్కులో మేస్తే పక్షులకు నష్టమని సలీం అలీ నమ్మారు. మేత ఆపాలన్న వాదనకు తన బరువైన మాట తోడిచ్చారు. 1980ల మొదట్లో నిషేధం వచ్చింది. పశువుల మీదే బతికే ఊళ్ల జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

తర్వాత తేలిన సంగతి ఇంకా బాధాకరం. గేదెలు వెళ్లిపోయాక నీళ్లలో గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. మడుగులు కమ్ముకుపోయి, బాతులకు ఈదే చోటు, కొంగలకు చేపలు పట్టే చోటు తగ్గిపోయింది. ఇన్నాళ్లూ ఆ నీటిని తెరిచి ఉంచింది గేదెలే. ఈ నిజాన్ని పదేళ్ల అధ్యయనంతో బయటపెట్టింది వేరెవరో కాదు, సలీం అలీ తన ప్రాణంలా చూసుకున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీయే. చివరి నివేదిక వచ్చేసరికి ఆయన లేరు. సైబీరియన్ కొంగలు 2002 తర్వాత భరత్‌పూర్‌కు రాలేదు. వాటి రాక ఆగడానికి దారిలో వేట లాంటి కారణాలు కూడా ఉన్నాయి.

అంత గొప్ప చూపున్న మనిషి కూడా గేదెను, గేదెల కాపరిని ఆ నేలలో భాగంగా చూడలేకపోయారు. పెద్దవాళ్ల జీవితం చదివేటప్పుడు ఈ ముక్క దాటేయకూడదు. ఆయన పెంచిన సంస్థే ఆయన నమ్మకాన్ని పరీక్షించి, తప్పు అని ధైర్యంగా రాసింది. చూసింది చూసినట్టు రాయమని ఆయన నేర్పిన పాఠానికి అంతకంటే నిజమైన గౌరవం ఉండదు.

బట్టమేక పిట్ట, కలివి కోడి

నీటి పక్షులకు కనీసం చూసేవాళ్లుంటారు. బీడు పక్షులకు ఆ అదృష్టం కూడా తక్కువ. 1960ల మొదట్లో జాతీయ పక్షి ఎంపిక మాట వచ్చినప్పుడు సలీం అలీ బట్టమేక పిట్ట పేరు చెప్పారు. మీటరు ఎత్తు, చాలా బరువు, ఎగిరే పక్షుల్లో పెద్దవాటిలో ఒకటి. పచ్చిక బీళ్లలో తప్ప బతకదు. జాతీయ పక్షి అయితే దాని పేరుతో బీళ్లు కూడా బతుకుతాయని ఆశ. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. నెమలి ఇప్పుడు ఊరూరా ఉంది. బట్టమేక పిట్టలు దేశం మొత్తం మీద 150కి మించి లేవని అంచనా. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో వీటి కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. బాంబే సొసైటీ పరిశోధకులు అక్కడ ఉండి వాటిని అధ్యయనం చేశారు. ఇప్పుడు ఆ బీట్లో కూడా అవి దాదాపు కనుమరుగైపోయాయి.

ఇంకో పక్షి కథ కడప జిల్లాది. శాస్త్రవేత్తలు జెర్డాన్స్ కోర్సర్ అనే ఈ పక్షిని 1848లో మొదటిసారి రికార్డు చేశారు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. రాత్రిపూట పొదల మధ్య పరుగులు పెట్టే పక్షి అది, ఎగరడం తక్కువ. వెతికినవాళ్లు వెతికారు, చివరికి అంతరించిపోయిందని అందరూ అనుకున్నారు. 1980లలో బాంబే సొసైటీ మరో ప్రయత్నం చేసింది. పరిశోధకుడు భరత్ భూషణ్ కడప ప్రాంతంలో పల్లెలు తిరిగి, పిట్టలు పట్టుకునేవాళ్లకు బొమ్మ చూపించి అడిగారు. పుస్తకాల్లో లేదనుకున్న పక్షికి వాళ్ల నోట పేరుంది. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి కలివి కోడి. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో ఒక స్థానికుడి చేతికి అది దొరికింది. 86 ఏళ్ల తర్వాత!

ఆ వార్త వచ్చేనాటికి సలీం అలీకి 89 ఏళ్లు. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగు గంగ కాలువ దారి కూడా తర్వాత ఆ పక్షి కోసం మార్చాల్సి వచ్చింది. ఎందుకూ పనికిరాదనుకున్న ముళ్ల పొదల బీడు, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక ప్రాణిని దాచుకుని ఉంది. ఆ సంగతి డిగ్రీలున్నవాళ్లకు తెలియదు, వలలు పట్టుకుని తిరిగే పల్లె మనిషికి తెలుసు.

చివరి రోజులు

సలీం అలీ కొంచెం కఠినమైన మనిషి. నిర్లక్ష్యంగా పనిచేస్తే సహించేవారు కాదు. మోటార్ సైకిళ్లంటే మాత్రం పిల్లాడిలా సరదా. 1950లో స్వీడన్‌లో పక్షి శాస్త్రవేత్తల మహాసభ జరిగితే తన సన్‌బీమ్ బండిని ఓడలో తీసుకెళ్లి యూరప్ రోడ్ల మీద నడుపుకుంటూ వెళ్లారు. ఆయన ఇండియా నుంచే బండి మీద వచ్చేశారని అక్కడ కొందరు అనుకున్నారట! అమెరికా శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి భారత్, పాకిస్తాన్ పక్షుల మీద రాసిన 10 సంపుటాల గ్రంథం 1968 నుంచి 1974 వరకు వెలువడింది. దేశాలు విడిపోయినా పక్షుల పుస్తకం రెండిటినీ కలిపే ఉంచింది.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. డిగ్రీ లేదని ఒకప్పుడు ఉద్యోగం దక్కని మనిషికి అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1978లో మన ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఇచ్చింది. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. క్యాన్సర్‌తో చాలాకాలం పోరాడి 1987 జూన్ 20న, 90 ఏళ్ల వయసులో బొంబాయిలో కన్నుమూశారు. కోయంబత్తూరులోని జాతీయ పక్షి పరిశోధన కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఆయన పుట్టిన నవంబర్ 12ను దేశంలో పక్షుల దినంగా జరుపుకుంటారు.

ఆయన కథలో బిరుదుల కంటే ఎక్కువ గుర్తుంచుకోవాల్సింది ఆ మామ చేసిన పని. పిల్లాడు ఒక చచ్చిన పిచ్చుకను పట్టుకొచ్చి ప్రశ్న అడిగితే ఆయన కసురుకోలేదు, తెలిసినట్టు నటించలేదు. తెలిసినవాళ్ల దగ్గరికి పంపారు. ఇప్పుడూ ప్రతి ఇంట్లో అలాంటి ప్రశ్నలు అడిగే పిల్లలుంటారు. ఊరి చెరువు ఇంకా పూడ్చకముందే, పక్కనున్న బీడు ఇంకా ప్లాట్లు కాకముందే, ఒక ఉదయం ఫజర్ తర్వాత వాళ్లను అక్కడికి తీసుకెళ్లి కాసేపు నిశ్శబ్దంగా నిలబెడితే చాలు. ఏ పిట్ట ఏమిటో పెద్దవాళ్లకు తెలియకపోయినా ఫర్వాలేదు. అమీరుద్దీన్ త్యాబ్జీకి కూడా తెలియలేదు.